ఇంటర్ తర్వాత గోల్ఫ్ కెరీర్: ఇక్కడే ప్రోగా మారాలా, అమెరికా కాలేజీకి వెళ్లాలా?

గోల్ఫ్ ఆడే పిల్లలున్న ఇళ్లలో ఇంటర్ అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే టెన్షన్ మొదలవుతుంది. పొద్దున్నే స్టడీ అవర్‌తో మొదలై రాత్రి దాకా సాగే కార్పొరేట్ కాలేజీలో వేస్తే ఆట అటకెక్కుతుంది. వేయకపోతే ‘రేపు ఆట కుదరకపోతే వాడి గతేంటి’ అని తాతగారి దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసినాయన దాకా అందరూ అడుగుతారు. కోచ్ ఒకటి చెప్తారు. డాలస్‌లో ఉన్న బాబాయి ఇంకోటి చెప్తాడు. పిల్లాడేమో ఫోన్‌లో అమెరికాలో ఆడే తెలుగు మూలాల ప్రో సాహిత్ తీగల స్వింగ్‌ని స్లో మోషన్‌లో చూస్తూ కూర్చుంటాడు.

పార్‌కి, అంటే కోర్సుకి నిర్ణయించిన ప్రామాణిక స్కోరుకి, అటూ ఇటూగా స్కోరు చేస్తున్న పదహారు, పదిహేడేళ్ల పిల్లల ముందు నాలుగు దారులున్నాయి. వెంటనే ప్రోగా మారి మన దేశంలో టూర్ ఆడటం, అమెరికా కాలేజీ జట్టులో చేరడం, ఇక్కడే డిగ్రీ చదువుతూ అమెచ్యూర్‌గా (ఆటను వృత్తిగా తీసుకోకుండా) కొనసాగడం, కోచింగ్ వైపు వెళ్లడం. చాలామంది వీటిని ‘ఏ దారిలో పెద్ద స్టార్లు వచ్చారు’ అని పోలుస్తారు. ఆ పోలికతో ఏమీ తేలదు, ఎందుకంటే అన్ని దారుల్లోంచీ ఒకరిద్దరు వచ్చారు. నేను చూసేది వేరే లెక్క. కట్ మిస్సైన వారం ఖర్చు ఎవరి జేబులోంచి పోతుంది?

కట్ అంటే ఏమిటో ముందు డబ్బుల్లో చూద్దాం

ప్రొఫెషనల్ టోర్నమెంట్ సాధారణంగా నాలుగు రోజులు, 72 హోల్స్. రెండు రోజులయ్యాక వెనకబడిన వాళ్లను పంపించేస్తారు. మన దేశంలో పురుషుల ప్రధాన టూర్ పీజీటీఐ, 2006లో మొదలైంది. అందులో 36 హోల్స్ తర్వాత మొదటి 50 మంది, వాళ్లతో సమానంగా నిలిచినవాళ్లు మాత్రమే మిగతా రెండు రోజులు ఆడతారు. ప్రైజ్ మనీ మొత్తం 1 కోటి ఉన్న టోర్నమెంట్లో విజేతకు 15 లక్షలు వస్తాయి. కట్ దాటనివాడికి వచ్చేది సున్నా.

రెండో రోజు సాయంత్రం ఆఖరి గ్రీన్ దగ్గర కాసేపు నిలబడితే ఈ సున్నా అంటే ఏమిటో కంటికి కనబడుతుంది. స్కోర్‌బోర్డు మీద కట్ లైను ఒకటి అటో ఇటో జరిగేలా ఊగుతుంటుంది. కుర్రాడికి ఆరడుగుల పార్ పట్ మిగిలింది. పడితే ఇంకో రెండు రోజుల ఆట, ఎంతో కొంత చెక్కు. అంచు తాకి బయటికి వస్తే కేడీకి వారం డబ్బులిచ్చి, హోటల్ రూము ఖాళీ చేసి, కిట్ బ్యాగు సర్దుకుని తర్వాతి ఊరికి టికెట్ చూసుకోవడమే. హోటలు, ప్రయాణం, ఎంట్రీ ఫీజు, కేడీ ఫీజు, తిండి ఖర్చు రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒకటే.

ఒక ఊహా లెక్క వేద్దాం. పొదుపుగా ఉంటే వారానికి 60 వేలు అవుతుందనుకోండి. ఏడాదికి 20 టోర్నమెంట్లంటే 12 లక్షలు. కోచ్ ఫీజు, ఫిజియో, అరిగిపోయిన వెడ్జ్‌లు, బంతులు ఇందులో కలపలేదు. ఈ అంకెలు తీసేసి మీవి పెట్టుకోండి, తేడా ఏం రాదు. పెట్టుబడి ముందే పెట్టాలి, పంట మాత్రం వానను బట్టి. వర్షాధార సేద్యం చేసిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ వృత్తిని ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

పై మెట్టు మీద ఉన్నవాళ్ల ఆదాయం చూసి మోసపోకండి. 2024లో పీజీటీఐ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో (సీజన్ సంపాదన జాబితాలో) మొదటి స్థానంలో నిలిచిన వీర్ అహ్లావత్ ఆ సీజన్లో సుమారు ఒకటిన్నర కోటి సంపాదించాడు. ఆ జాబితాలో కిందికి దిగేకొద్దీ సొమ్ము చాలా వేగంగా కరిగిపోతుంది. టూర్ వాళ్లు ఆర్డర్ ఆఫ్ మెరిట్‌ను రూపాయలతో సహా అందరికీ కనబడేలా పెడతారు. పేరు ప్రఖ్యాతులు పక్కన పెట్టి 30వ స్థానం ఎదురుగా ఎంత ఉంది, 60వ స్థానం ఎదురుగా ఎంత ఉంది చూడండి. అందులోంచి మీ 12 లక్షలో, 15 లక్షలో తీసేసి మిగిలినదాన్ని ఒక సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్ జీతంతో పోల్చుకోండి. ఈ పని చేయకుండా ‘మా వాడు ప్రో అవుతాడు’ అని బంధువులకు చెప్పకపోవడం మంచిది.

కట్ మిస్సవడం ఎంత దెబ్బో పెద్ద టూర్లకు కూడా తెలుసు. అమెరికాలోని పీజీఏ టూర్ 2022-23 సీజన్ నుంచి పూర్తి అర్హత ఉన్న సభ్యులకు ఏడాదికి కనీసం 5 లక్షల డాలర్ల ఆదాయం ఉండేలా భరోసా పథకం తెచ్చింది. యూరప్‌లోని డీపీ వరల్డ్ టూర్ కూడా 2023కి 15 టోర్నమెంట్లు ఆడిన అర్హులైన సభ్యులకు 1,50,000 డాలర్ల భరోసా ప్రకటించింది. కింది మెట్ల మీద ఆ భరోసా ఇచ్చేది అమ్మానాన్నలే.

ఇక్కడే ప్రోగా మారితే

ఈ దారిని తక్కువ చేసి మాట్లాడటం ఈమధ్య ఫ్యాషన్ అయింది. నేను ఒప్పుకోను. భారత గోల్ఫ్‌లో కాలేజీ జట్టు ముఖం చూడకుండా పైకి వచ్చినవాళ్లు తక్కువేం కాదు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గ్రీన్‌కీపర్ కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా ఆ గడ్డి మీదే ఆట నేర్చుకుని 2016, 2017లో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. శుభంకర్ శర్మ 2013లో పదహారేళ్లకే ప్రో అయ్యాడు. 2017 డిసెంబరులో జోబర్గ్ ఓపెన్, కొన్ని వారాలకే 2018లో మలేసియాలో మేబ్యాంక్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 2023లో బ్రిటిష్ ఓపెన్‌లో ఎనిమిదో స్థానం పంచుకున్నాడు, ఆ టోర్నీలో భారతీయుడికి అదే అత్యుత్తమం. అనిర్బన్ లాహిరి 2007లో ప్రో అయ్యి, నాలుగు మేజర్ టోర్నీల్లో ఒకటైన పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో 2015లో ఐదో స్థానం పంచుకున్నాడు. 2022లో ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో ఒక్క స్ట్రోక్ తేడాతో రెండో స్థానంలో నిలిచి ఆ ఒక్క వారంలో 21.8 లక్షల డాలర్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు 16 కోట్లు గెలుచుకున్నాడు.

ఈ వాక్యాల్లో సంవత్సరాలను మళ్లీ చదవండి. శుభంకర్‌కి పెద్ద గెలుపు దాకా నాలుగేళ్లు. లాహిరికి మేజర్‌లో మెరవడానికి ఎనిమిదేళ్లు. రాహిల్ గాంగ్జీ కథ ఇంకా పెద్దది. 2004లో ఆసియా టూర్‌లో ఒక టైటిల్ గెలిచాక రెండోది 2018లో జపాన్‌లో పానసోనిక్ ఓపెన్ రూపంలో వచ్చింది. మధ్యలో పద్నాలుగేళ్లు. ఆ కాలమంతా వారం వారం బ్యాగు సర్దుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు మన టూర్‌కి ఒక పెద్ద ఆకర్షణ ఉంది. పీజీటీఐ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో మొదటి స్థానం వస్తే డీపీ వరల్డ్ టూర్ కార్డు, అంటే ఆ టూర్‌లో ఆడే అర్హత, దొరుకుతుంది. 2023లో ఓం ప్రకాశ్ చౌహాన్, ఆ తర్వాత ఏడాది అహ్లావత్ ఇలాగే యూరప్ వెళ్లారు. కార్డు ఒక్కరికే అన్నది గుర్తుంచుకోండి. మిగతావాళ్లు ఆసియా టూర్ క్యూ స్కూలుకో, డీపీ వరల్డ్ టూర్ క్యూ స్కూలుకో (టూర్లలో చోటు కోసం జరిగే అర్హత పోటీలివి) వెళ్లాలి. ఆ రెండోదానిలో ఆఖరి అంచె స్పెయిన్‌లో ఆరు రౌండ్లు. ఆరు రోజుల ఆటలో ఏడాది భవిష్యత్తు తేలిపోతుంది.

2025లో ఐజీపీఎల్ అనే పోటీ లీగ్ కూడా మన దేశంలో మొదలైంది. ఆటగాళ్లకు అవకాశాలు పెరగడం మంచిదే. ఒకదానిలో సంతకం చేస్తే రెండోదానిలో ఆడనిస్తారా అన్నది మాత్రం కాంట్రాక్టు కాగితం చదివి తేల్చుకోవాలి, క్లబ్‌హౌస్‌లో విన్న మాటల మీద నమ్మకం పెట్టుకోకూడదు.

ప్రోగా మారే ముందు చవకగా చేసుకోగలిగే పరీక్ష ఒకటుంది. హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సులో, గోల్కొండ నయా ఖిల్లా గోడల మధ్య, గోల్కొండ మాస్టర్స్ జరుగుతుంది. విశాఖలో ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో వైజాగ్ ఓపెన్ పెట్టారు. ఇలాంటి పీజీటీఐ టోర్నమెంట్లలో కొందరు అమెచ్యూర్లకు కూడా చోటిస్తారు. చిన్నప్పటి నుంచీ ప్రతి గుంత, ప్రతి వాలు, ఆ పాత బావోబాబ్, హాతియాన్ చెట్టు నీడ ఎటు పడుతుందో కూడా తెలిసిన సొంత కోర్సులో, బయటూళ్ల నుంచి వచ్చిన ప్రోల మధ్య మీ అబ్బాయి కట్ దాటగలిగాడా? దాటలేకపోతే తెలియని ఊళ్లో, తెలియని గ్రీన్ల మీద దాటతాడని ఏ ధైర్యంతో అనుకుంటున్నాం? ఒక్కసారి మిస్సైతే కొంపేం మునగదు. రెండు మూడు అవకాశాల్లోనూ దరిదాపులకు రాకపోతే ప్రో అవ్వడానికి ఇంకా టైమ్ ఉందని అర్థం.

అమెరికా కాలేజీ జట్టులో చేరితే

సాహిత్ తీగల అమ్మానాన్నలది హైదరాబాద్. నాన్న మురళీధర్ 1987లో చదువుకోసం అమెరికా వెళ్లారు. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన సాహిత్ అక్కడే పెప్పర్‌డైన్ యూనివర్సిటీ తరఫున ఆడాడు. 2018-19 సీజన్ మొత్తం మణికట్టు సర్జరీ వల్ల ఆడలేకపోయాడు. తిరిగి వచ్చి 2020లో కాలేజీ గోల్ఫ్‌లోని ముఖ్యమైన మూడు అవార్డులూ, హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లస్, ఒకే ఏడాది అందుకున్నాడు. ఆ ఏడాదే ప్రో అయ్యాడు.

మణికట్టుతో పోయిన ఆ ఏడాదిని నా కొలతతో చూడండి. కాలేజీలో ఉన్నాడు కాబట్టి ఆ సంవత్సరం చదువు సాగింది, జట్టు ఉంది, కోచ్ ఉన్నాడు, తిరిగి రావడానికి చోటు ఉంది. ఇదే గాయం ఇక్కడ పద్దెనిమిదేళ్ల ప్రోకి అయితే ఆదాయం ఆగిపోతుంది, టూర్‌లో స్థానం జారిపోతుంది, ఫిజియో బిల్లు ఇంటికొస్తుంది. కాలేజీ దారికి ఉన్న అసలు బలం ఇదే. కోచింగ్, జిమ్, కోర్సులు అన్నీ దీని తర్వాతే.

దీనికి ఎదురుగా అక్షయ్ భాటియాని పెట్టండి. భారతీయ మూలాలున్న ఈ అమెరికన్ కుర్రాడు కాలేజీ వద్దనుకుని 2019లో పదిహేడేళ్లకే ప్రో అయ్యాడు. మొదట్లో వరుసగా కట్‌లు మిస్సయ్యాడు. ‘కాలేజీకి వెళ్లి ఉండాల్సింది’ అన్నవాళ్లకు కొదవ లేదు. 2023 జులైలో ఇరవై ఒక్కేళ్లకు బ్యారకుడా ఛాంపియన్‌షిప్ గెలిచాడు. సాహిత్ మొదటి పీజీఏ టూర్ గెలుపు, నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్, అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది. అప్పటికి అతనికి 25. రెండు దారులూ రెండు నెలల తేడాతో ఒకే చోట తేలాయి. భాటియా నాలుగేళ్లు ముందున్నాడు అనొచ్చు, కానీ ఆ నాలుగేళ్లు ఎవరి ఖర్చు మీద నడిచాయో కూడా అడగాలి. అతను ప్రో అయ్యే ముందు వాకర్ కప్ (అమెరికా, బ్రిటన్-ఐర్లండ్ అమెచ్యూర్ల పోటీ) ఆడిన అమెరికా జట్టులో ఉన్నాడు, దేశంలోనే పేరున్న జూనియర్. మనవాళ్లలో ఆ స్థాయి ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

(పక్కదారి పట్టి ఒక మాట. 2024 టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో బంకర్‌లోంచి కొట్టేటప్పుడు బ్యాక్‌స్వింగ్‌లో క్లబ్బు ఇసుకను తాకిందని సాహిత్ తనంతట తాను చెప్పి రెండు స్ట్రోకుల పెనాల్టీ వేయించుకున్నాడు. అయినా మూడో స్థానంలో నిలిచి 75 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. స్కోరు నమోదు చేసే మార్కర్ చూడకపోతే స్కోరు తగ్గించి రాసుకునే జూనియర్లకు ఈ వీడియో తప్పకుండా చూపించండి.)

విదేశీ విద్యార్థికి కూడా ఈ మెట్లు పనిచేస్తాయనడానికి స్వీడన్ కుర్రాడు లుడ్విగ్ ఓబెర్గ్ సాక్ష్యం. పీజీఏ టూర్ యూనివర్సిటీ ర్యాంకింగ్‌లో మొదటి స్థానానికి నేరుగా టూర్ కార్డు ఇవ్వడం 2023లో మొదలైంది. దాన్ని మొదట అందుకున్నది టెక్సస్ టెక్ విద్యార్థి ఓబెర్గే. అదే ఏడాది సెప్టెంబరులో యూరప్, అమెరికా జట్ల పోటీ రైడర్ కప్ ఆడాడు, నవంబరులో పీజీఏ టూర్ టోర్నీ గెలిచాడు. ఆ తర్వాతి ర్యాంకుల వాళ్లకు దాని కింది మెట్టైన కార్న్ ఫెర్రీ టూర్‌లో చోటు దొరుకుతుంది. ఈ దారి కూడా ఇరుకవుతోందని తెలుసుకోండి. కార్న్ ఫెర్రీ నుంచి పై టూర్‌కి వెళ్లే కార్డులు 30 నుంచి 20కి తగ్గాయి. 2026 నుంచి పీజీఏ టూర్‌లో పూర్తి అర్హత నిలుపుకునేవాళ్లు 125 నుంచి 100కి తగ్గారు.

ఇక మన ఇళ్లలో ఎక్కువగా పొరబడేది స్కాలర్‌షిప్ విషయంలో. ‘గోల్ఫ్ స్కాలర్‌షిప్ వచ్చింది’ అనగానే అంతా ఉచితం అనుకుంటారు. చాలాకాలం డివిజన్ 1లో (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏలో పై స్థాయి) పురుషుల జట్టు మొత్తానికి 4.5 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, మహిళలకు 6. కోచ్ వాటిని ముక్కలు చేసి పంచేవాడు. 2025లో కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత, అందులో చేరిన యూనివర్సిటీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 9 మందే ఉండాలన్న కొత్త పరిమితి వచ్చింది. డబ్బు ఇవ్వడానికి ఇప్పుడు అడ్డు లేదు, కానీ సీట్లు లెక్క ప్రకారమే. ప్రతి కోచ్‌నీ ఒకే ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: ట్యూషన్, హాస్టల్, భోజనం, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి మేం కట్టాల్సింది ఎంత? గాయమైనా, ఫామ్ పోయినా రెండో ఏడాది అదే మొత్తం ఉంటుందా?

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. కాలేజీ టోర్నమెంట్లో జట్టు నుంచి ఐదుగురు ఆడతారు, నాలుగు స్కోర్లు లెక్కలోకి తీసుకుంటారు. పెద్ద పేరున్న యూనివర్సిటీలో ఏడో, ఎనిమిదో ఆటగాడిగా ఉంటే నాలుగేళ్లూ క్వాలిఫయింగ్ రౌండ్లు ఆడుతూ, జట్టు బస్సు వెళ్లిపోతుంటే చూస్తూ గడిచిపోవచ్చు. మూడో నంబరుగా ఆడగలిగే మామూలు కాలేజీ దానికన్నా వంద రెట్లు మేలు. జీవ్ మిల్ఖా సింగ్ ఆడింది అప్పట్లో డివిజన్ 2లో ఉన్న ఎబిలీన్ క్రిస్టియన్‌కే. అక్కడ 1993లో వ్యక్తిగత టైటిల్ గెలిచాడు. ఆ తర్వాత యూరోపియన్ టూర్ సభ్యుడైన మొదటి భారతీయుడు, మాస్టర్స్ ఆడిన మొదటి భారతీయుడు అతనే. డివిజన్ పేరు చూసి ముఖం చిట్లించేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే చాలు. 2002 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన శివ్ కపూర్ కూడా అమెరికాలో పర్డ్యూలో చదివినవాడే.

కోచ్‌లు మీ ట్రోఫీల ఫొటోలు పట్టించుకోరు. తొమ్మిదో తరగతి నుంచి ఆడిన బహుళ రౌండ్ల టోర్నమెంట్ల స్కోర్లు, కోర్సు పొడవు, కోర్సు రేటింగ్, వరల్డ్ అమెచ్యూర్ ర్యాంకింగ్ చూస్తారు. 6,300 గజాల కోర్సులో 69 కన్నా 7,100 గజాల కోర్సులో గాలి ఉన్న రోజు 72 వాళ్లకు ఎక్కువ చెబుతుంది.

టైమింగ్ కూడా మన ఇంటర్ సిస్టంతో పొసగదు. డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి అయిన ఏడాది జూన్ 15 నుంచి నేరుగా మాట్లాడొచ్చు. మన పిల్లలు సరిగ్గా అప్పుడే కాలేజీలో చేరి ఫోను ఇంట్లో అప్పగించేస్తారు. అర్హతకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా 16 కోర్ సబ్జెక్టులు, 2.3 జీపీఏ కావాలి. ఎంపీసీలో చేరినా, దూరవిద్య బోర్డుకి మారినా, ఆ సబ్జెక్టులు, ఆ బోర్డు లెక్కలోకి వస్తాయా అని ముందే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో కనుక్కోవాలి. ఆట కోసం బోర్డు మార్చేసి తర్వాత అడగడం తలకిందుల పని. ఇంటర్ అయ్యాక ‘ఒకటి రెండేళ్లు ఆడి చూసి వెళ్తాం’ అంటే కూడా అక్కడ ఆడే సంవత్సరాలు తగ్గిపోవచ్చు.

ఇంకోటి. అమెరికన్ విద్యార్థులు ఇప్పుడు తమ పేరు మీద స్పాన్సర్ల డబ్బు తీసుకుంటున్నారు. ఎఫ్-1 వీసా మీద వెళ్లినవాళ్లకు పని చేసి సంపాదించడం మీద ఆంక్షలున్నాయి కాబట్టి ఆ డబ్బు మీద ఆశతో బడ్జెట్ వేసుకోవద్దు. డిగ్రీ అయ్యాక అక్కడే ప్రోగా ఆడాలన్నా వేరే వీసా కావాలి.

డిగ్రీ ఇక్కడే, ఆట అమెచ్యూర్‌గా

అందరూ చిన్నచూపు చూసే ఈ దారి 2022 జనవరి నుంచి బాగా మెరుగుపడింది. అంతకుముందు స్పాన్సర్ దొరికితే తీసుకోవడానికే కొందరు తొందరపడి ప్రో అయిపోయేవారు. కొత్త అమెచ్యూర్ నిబంధనల్లో స్పాన్సర్‌షిప్, ఖర్చుల సాయం మీద ఆంక్షలు తీసేశారు. ప్రైజ్ విలువ 700 పౌండ్లు, లేదా 1,000 డాలర్లు దాటకూడదు, ప్రోగా పోటీ చేయకూడదు, డబ్బు తీసుకుని పాఠాలు చెప్పకూడదు, ముఖ్యంగా ఇవే మిగిలాయి. అంటే ఊళ్లోని ఏ వ్యాపారవేత్తో మీ అమ్మాయి ప్రయాణ ఖర్చులు భరిస్తానంటే హాయిగా తీసుకోవచ్చు. అమెరికా కాలేజీ కూడా ఆలోచనలో ఉంటే కాలేజీ నిబంధనలు వేరే చూసుకోవాలి.

కట్ మిస్సైనా డిగ్రీ మార్కులు అలాగే ఉంటాయి. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ (ఐజీయూ) అమెచ్యూర్ టోర్నమెంట్లు ఆడుతూ, ఆసియా-పసిఫిక్ అమెచ్యూర్ స్థాయికి ఎదిగితే అక్కడ విజేతకు మాస్టర్స్, బ్రిటిష్ ఓపెన్ రెండింటికీ పిలుపు వస్తుంది. లోటు ఒకటుంది: హాజరు శాతం పట్టుబట్టే మన కాలేజీలు. ఆ విషయం అడ్మిషన్ ముందే ప్రిన్సిపాల్‌తో మాట్లాడి కాగితం మీద పెట్టించుకోండి.

కోచింగ్ గురించి క్లుప్తంగా. ఐజీయూ ఆధ్వర్యంలోని నేషనల్ గోల్ఫ్ అకాడమీ కోచ్‌లకు సర్టిఫికెట్ కోర్సులు నడుపుతుంది. టూర్ ప్రో కన్నా ఆదాయం నిలకడగా ఉంటుంది, పాఠం చెప్పిన గంటకు డబ్బు వస్తుంది. పద్దెనిమిదేళ్ల వాడికి దీన్ని మొదటి దారిగా నేను సూచించను, ఎందుకంటే పాఠం చెప్పే గంటల్లో సొంత ప్రాక్టీసు పోతుంది. 25 దాటాక, ఓపికా, మాట నేర్పూ ఉన్నవాళ్లకు ఇది గౌరవమైన వృత్తి. టూర్‌లో ఓడిపోయినవాళ్ల ఆశ్రమం అన్నట్టు దీన్ని చూడటం మన అలవాటు, అది మానుకోవాలి.

అమ్మాయిల లెక్క వేరు

మన దేశంలో మహిళల ప్రో టూర్ ఉంది, హైదరాబాద్ అమ్మాయి స్నేహా సింగ్ అందులో గెలిచింది కూడా. కానీ అక్కడ ప్రైజ్ మనీ పురుషుల టూర్ కన్నా చాలా తక్కువ. దాని మీదే బతుకు నడపడం కష్టం. కాబట్టి అమ్మాయికి మొదటి రోజు నుంచే లక్ష్యం యూరప్ టూరో, అమెరికాలోని మహిళల టూర్ ఎల్‌పీజీఏనో అయ్యుండాలి. అదితి అశోక్ చేసింది అదే. 2015 డిసెంబరులో అమెచ్యూర్‌గానే లేడీస్ యూరోపియన్ టూర్ క్యూ స్కూల్ గెలిచింది, 2016 జనవరి 1న ప్రో అయ్యింది, అదే ఏడాది ఇండియన్ ఓపెన్ గెలిచింది. టోక్యో ఒలింపిక్స్‌లో పతకం ఒక్క మెట్టు దూరంలో ఆగింది. చాలామంది అదితి వయసు చూసి ‘పదిహేడేళ్లకే ప్రో అయ్యింది కదా’ అంటారు. వరస చూడండి: ముందు టూర్‌లో చోటు సంపాదించింది, తర్వాత ప్రో అయ్యింది.

చోటు చేతిలో లేని అమ్మాయికి అమెరికా కాలేజీయే నా సలహా. భారతీయ మూలాలున్న మేఘా గన్నే 2021లో హైస్కూల్లో ఉండగానే యూఎస్ విమెన్స్ ఓపెన్‌లో మెరిసింది. అప్పుడే ప్రో అయిపోవచ్చన్న మాటలు వినబడ్డా స్టాన్‌ఫర్డ్ వెళ్లింది. 2025లో యూఎస్ విమెన్స్ అమెచ్యూర్ గెలిచింది.

ఎవరికి ఏది

జాతీయ స్థాయి అమెచ్యూర్ టోర్నమెంట్లలో తరచూ మొదటి ఐదుగురిలో ఉంటూ, పీజీటీఐ టోర్నీలో అమెచ్యూర్‌గా కట్ దాటి, మూడేళ్ల ఖర్చు అప్పు లేకుండా పక్కన పెట్టగలిగితే ఇక్కడే ప్రో అవ్వండి, సంకోచం వద్దు. మూడింటిలో ఒకటి తగ్గినా ఆగండి. ముఖ్యంగా ఆ మూడోది. ఇల్లు తాకట్టు పెట్టి టూర్‌కి పంపిన తండ్రి కళ్లు గ్యాలరీలోంచి చూస్తుంటే ఆరడుగుల పట్ ఎవరికైనా పదడుగులవుతుంది.

స్కోర్లు బాగున్నా ఇంకా పేరు రాని పిల్లలు, అంటే చాలామంది, కాలేజీకి ప్రయత్నించండి. జట్టులో మొదటి ఐదుగురిలో ఆడే అవకాశం, ఏటా కట్టాల్సిన మొత్తం భరించగలగడం, రెండూ ఉంటేనే వెళ్లండి. మీ వాటా ఏడాదికి 25, 30 లక్షలై, దానికి విద్యా రుణం తీసుకోవాల్సి వస్తే అది గోల్ఫ్ నిర్ణయం అనిపించుకోదు, మామూలు ఎంఎస్ అప్పులాంటిదే. డిగ్రీ విలువను బట్టి దాన్ని తూకం వేయండి. బయోమెకానిక్స్, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ అని కాకుండా, ఆట లేకపోయినా ఉద్యోగం ఇచ్చే సబ్జెక్టు తీసుకుంటే మంచిదని నా పట్టుదల. దీనితో విభేదించే కోచ్‌లున్నారు.

ఈ రెండూ కుదరనివాళ్లు ఇక్కడే డిగ్రీలో చేరి అమెచ్యూర్‌గా ఆడుతూ 21 ఏళ్లకు మళ్లీ ఇదే లెక్క వేసుకోవచ్చు. అప్పటికి శరీరం స్థిరపడుతుంది, డ్రైవర్ దూరం పెరుగుతుంది, క్యూ స్కూలుకి వయసు మించిపోదు. స్క్రాచ్ (పార్ స్థాయి) దగ్గర ఆగిపోయారా, ప్లస్ 4 (పార్ కన్నా నాలుగు స్ట్రోకులు మెరుగైన స్థాయి) దాకా వచ్చారా అన్నది అప్పటికి తేలిపోతుంది. స్క్రాచ్ అంటే క్లబ్బులో హీరో. టూర్‌లో అది కట్ బయటి స్కోరు.

ఇప్పుడు పిల్లలు తొమ్మిదో, పదో చదువుతుంటే ఈ నెలలో చేయాల్సిన పని చిన్నదే. గత ఏడాది ఆడిన ప్రతి టోర్నమెంట్ రౌండునీ తేదీ, కోర్సు, గజాలు, స్కోరు, విజేత స్కోరు అనే ఐదు గడుల్లో రాసి పెట్టండి. ఇంటి కోర్సులో సరదాగా ఆడిన రౌండ్లు రాయొద్దు. ప్రాక్టీసు రౌండ్లో కొట్టిన 66 అసలే వద్దు.